మిర్చి కారు మరగకూడదు

జనగామ,
జనవరి 20

మంగీలాల్ మామకు,

బండి మోగింది మామా! నిన్న పొద్దున పదకొండుంబావుకు తాళం తిప్పాను. ఆరు సిలిండర్లూ అందుకున్నాయి. గోదాం రేకులు గడగడలాడాయి, పైన దూలాల మీది పావురాలన్నీ ఒక్కసారే లేచిపోయాయి. నేను ఏడ్చాను. గ్రీజు చేతులతో కళ్లు తుడుచుకుంటే ముఖమంతా మసి. ఎవరేమనుకుంటే నాకేం!

ఈ కాలంలో ఉత్తరాలేంది అని అమ్మ నవ్వుతోంది. ఏం చేయను? ముప్పై ఒక్క ఏళ్లు బొగ్గు గనిలో డంపర్ లారీలు బాగుచేస్తూ రెండు చెవులూ వాటికే ఇచ్చేశావు. ఫోన్ చేస్తే వినబడదు. మెసేజ్ పెట్టమంటే నీ బొటనవేలు మూడు అక్షరాల మీద ఒకేసారి పడుతుందంటావు. నువ్వే ఇక్కడుంటే స్క్రూడ్రైవర్ ఒక కొన ఇంజన్‌కు ఆనించి, రెండో కొన పళ్ల మధ్య పెట్టుకుని, ఆ మోతంతా దవడలతో వినేవాడివి.

అమ్మ నీకు సగం సగం చెప్పి ఉంటుంది కాబట్టి మొదటి నుంచి రాస్తాను. హైదరాబాద్ షోరూంలో సర్వీసు కార్డులు నింపే ఉద్యోగం మానేసి జనగామ వచ్చి ఎనిమిది నెలలైంది. ఇక్కడ హర్షవర్ధన్ అనే అతను వాళ్ల నాన్న జగపతి గారి వడ్ల గోదాంలో పాత కాలం రేసు కార్ల రూపంలో కొత్త కారు కడుతున్నాడు. పొడుగాటి ముక్కు, గుండ్రటి లైట్లు, రెండే సీట్లు, పైన కప్పు లేదు. రేకంతా చేత్తో కొట్టిందే. లోపల మాత్రం మూడొందల గుర్రాల ఇంజన్, ఎక్కడో గుద్దుకుని తుక్కుకు వచ్చిన పెద్ద విదేశీ కారుది. ఆ ఇంజన్ పని మొత్తం నాది. ఎండుమిర్చి రంగు వేశాం, నేను మిర్చి అని పిలుస్తాను.

ఇక అసలు సంగతి. మోగించిన ఆనందంలో రోడ్డెక్కించాం. పదకొండు నిమిషాలు నడిచింది. రఘునాథపల్లి కూడా చేరకముందే వేడి ముల్లు ఎర్రగీత దాటింది, ముక్కులోంచి పొగలు, కింద మరిగిన నీళ్లు. జగపతి గారు అన్నీ చూసి ఒక షరతు పెట్టారు.

"యాసంగి వడ్లు వచ్చేదాక ఆగుత. గాలోపు గీ బండి జనగామల సల్లగ బయలెల్లి భూపాలపల్లిల సల్లగ దిగాలె. పట్టపగలు, బొగ్గు లారీల ఎనుక పాకుకుంట పోవాలె. మధ్యల బానెట్ ఎత్తద్దు, సుక్క నీళ్లు పొయ్యద్దు. లేకుంటె గోదాం నాది, వడ్లు నింపుకుంట."

గెలిస్తే గోదాం మాకు ఉంటుంది, ఇంజన్ పలక మీద నా పేరు చెక్కిస్తానన్నాడు హర్ష. ఓడితే నేను మళ్లీ సర్వీసు కార్డులు నింపుకోవాలి. నాకు ఆ బతుకు వద్దు మామా. ఏం చేయాలో వెంటనే రాయి.

నీ కోడలు,
శిరీష


భూపాలపల్లి,
జనవరి 29

కోడలా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అందులో మోత గురించి బోలెడు ఉంది, నీళ్ల గురించి ఒక్క ముక్క లేదు. రేడియేటర్‌లో ఏం నీళ్లు పోశావు? గోదాం బోరు నీళ్లేనా? జనగామ బోరు నీళ్లు కాస్తే గిన్నెకు తెల్లటి సున్నం పడుతుంది. గిన్నెకు పట్టింది రేడియేటర్ గొట్టాలకు పట్టదా? డిప్లొమా చదివిన దానివి, ఇది కూడా నేనే చెప్పాలా!

గుర్రాల లెక్క నాకు వద్దు. గాలి ఎక్కడి నుంచి వస్తోంది, ఎక్కడికి పోతోంది, అది చెప్పు. పాత కాలం రూపం అన్నావు. ఆ కార్లకు మూతి చిన్నది. చిన్న మూతితో పెద్ద ఇంజన్‌కు ఊపిరి ఆడాలంటే లోపలికి వచ్చిన గాలిలో పిసరంత కూడా వృథా పోకూడదు. ఒక పని చెయ్యి. ఫ్యాను తిప్పి, మూతి ముందు నాలుగు అగరుబత్తీలు వెలిగించి పట్టుకో. పొగ రేడియేటర్‌లోంచి దూరి పోతోందా, దాని పక్కల నుంచి తప్పించుకుని పోతోందా చూడు. కళ్లతో చూసింది రాయి, ఊహించింది రాయకు.

పోతే, నువ్వు ఏడ్చావని చదివి నాకు నవ్వొచ్చింది. నేను మొదటి ఇంజన్ మోగించిన రోజు మీ అమ్మ పెళ్లి. ముహూర్తానికి గంట ఆలస్యంగా పోయాను. మీ అమ్మ ఇంకా ఆ మాట ఎత్తుతూనే ఉంటుంది.

మీ మామ,
మంగీలాల్


జనగామ,
ఫిబ్రవరి 14

మామా, మామా, మామా!

నువ్వు ఇక్కడికి రాకుండానే ఎట్లా చూశావు? బోరు నీళ్లే! రేడియేటర్ విప్పితే గొట్టాల నిండా తెల్లటి పెచ్చులు. నాలుగు నెలలుగా చిన్న మోటారుతో నీళ్లు తిప్పి లీకులు చూసుకుంటున్నాం, ఆ నీళ్లే కొంప ముంచాయి. జనగామలో అడిగిన ముగ్గురూ ఒకటే పేరు చెప్పారు, పరకాలలో సమ్మయ్య అని. రేడియేటర్ ఒళ్లో పెట్టుకుని బస్సులో పోయాను. ఆయన గొట్టం గొట్టం శుభ్రం చేసి, వెలుతురుకు ఎత్తి పట్టి చూపించాడు. ఇప్పుడు బ్యాటరీ నీళ్లు, కూలెంట్ తప్ప ఇంకేం పోయడం లేదు.

నీ పేరు చెబితే సమ్మయ్య చేతిలో పని ఆపేశాడు. "మంగీలాల్ కోడలివా? పండ్లతోనే ఇంటున్నడా ఇంక?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే లోపలికి వెళ్లిపోయాడు. మీరిద్దరూ ఒకే షెడ్‌లో పనిచేశారట కదా, దుకాణంలో కుర్రాడు చెప్పాడు. నువ్వెప్పుడూ చెప్పలేదే?

ఇక అగరుబత్తీల సంగతి. పొగలో సగం రేడియేటర్ పక్కల నుంచి హాయిగా జారిపోయింది! హర్ష నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాడు. నూనె డబ్బాలు కత్తిరించి, మూతి నుంచి రేడియేటర్ అంచు దాకా రేకుతో దారి కట్టాను. సందులన్నీ పాత ట్యూబు రబ్బరుతో మూశాను. మళ్లీ పొగ పెడితే అంతా లోపలికే! స్టేషన్ ఘన్‌పూర్ దాకా పోయి వచ్చాం మామా, ముల్లు ఎర్రగీతకు బెత్తెడు కిందే ఆగింది. నేను దారంతా అరుస్తూనే ఉన్నాను, చెవులు నొప్పి పుడుతున్నాయని హర్ష గొడవ.

కానీ ఇది ఫిబ్రవరి. ఏప్రిల్ ఎండలో, లారీల వెనక, అది సరిపోదు. తర్వాత ఏం చేయాలి?

శిరీష


భూపాలపల్లి,
ఫిబ్రవరి 22

కోడలా,

రేకు దారి బాగా కట్టావు. నువ్వు పంపిన బొమ్మ గోడకు అంటించాను.

ఇంజన్ నుంచి రేడియేటర్‌కు నీళ్లు పోయే దారిలో ఒక చిన్న తలుపు ఉంటుంది, థర్మోస్టాట్. చల్లగా ఉంటే మూసుకుంటుంది, వేడెక్కితే తెరుచుకుంటుంది. చలి దేశాలకు అది కావాలి. మనకెందుకు? పీకి అవతల పారేయ్. నీళ్లు అడ్డూ ఆపూ లేకుండా తిరుగుతాయి. ముప్పై ఒక్క ఏళ్లలో నా చేతికి వచ్చిన ఏ డంపర్‌కూ నేను దాన్ని ఉంచలేదు. ఈ మాటలో అనుమానం పెట్టుకోకు.

ఇక్కడ అప్పుడే ఎండ ముదిరింది. బొగ్గు దుమ్ముకు దగ్గు పట్టుకుంది, దవాఖానకు పోయి మందు తెచ్చుకున్నాను. మీ అమ్మకు చెప్పకు, పరేషాన్ అవుతుంది.

మంగీలాల్


జనగామ,
మార్చి 18

మామకు,

హోలీకి మరిపెడ దగ్గర మన తండాకు పోయి వచ్చాను. ఆడవాళ్లంతా లేంగి పాటలు పాడారు. అమ్మ బాగుంది, జొన్నరొట్టెలు చేసింది. రెండు తిన్నాను. తమ్ముడు రమేశ్ కొత్త చొక్కా కొనుక్కున్నాడు. తండాలో బోరు ఒకటి ఎండిపోయింది.

ఇక్కడ అందరూ క్షేమం. పని నడుస్తోంది. నీ దగ్గు తగ్గిందా?

శిరీష


భూపాలపల్లి,
మార్చి 27

శిరీషా,

నీ ఉత్తరంలో ఇంజన్ లేదు. రొట్టెలున్నాయి, చొక్కా ఉంది, ఎండిన బోరుంది. జనవరి నుంచి నువ్వు నాకు రాసిన ఏ కాగితానికైనా పెట్రోలు వాసన ఉంది, దీనికి లేదు. ఏదో జరిగింది.

మొన్న మీ అమ్మ వచ్చింది. మన లంబాడీల గోర్ బోలీలో మాట్లాడితే పెదవులు చూసి చదువుకోగలను కాబట్టి నా దగ్గర ఏదీ దాచలేదు. హనుమకొండ చౌరస్తాలో బండి మరిగిందట. హోసు పైపు పగిలిందట. పక్క సీట్లో జగపతి గారే ఉన్నారట, ఆయన దిగి బస్సెక్కి ఇంటికి పోయారట. నాకెందుకు రాయలేదు? చెవిటివాడికి కబుర్లు ఎందుకనుకున్నావా?

కోపం వచ్చింది, రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాయి.

ఇంకొకటి. గాలి లోపలికి వచ్చే దారి చూశాం, బయటికి పోయే దారి చూడలేదు. రేడియేటర్ దాటిన వేడిగాలి బానెట్ కింద ఇరుక్కుని ఎటు పోవాలి? ముందు చక్రాల వెనక, రెండు పక్కల రేకుకు చేప మొప్పల్లా చీలికలు కొయ్యి. పాత రేసు కార్లకు అవి సోకు కోసం పెట్టలేదు. అద్దం ముందు మాత్రం కొయ్యకు, అక్కడ గాలి లోపలికే తోస్తుంది.

మంగీలాల్


జనగామ,
ఏప్రిల్ 4

మామా,

తిట్టు, పడతాను. నేను రాయనిది చెవిటివాడివని కాదు. నీ మాట వినే మరిగిందని నీకు ఎట్లా రాయను? అది రాయడానికి నా చేయి రాలేదు.

నువ్వు చెప్పినట్టే ఆ తలుపు పీకేశాను. మార్చి 11న జగపతి గారిని ఎక్కించుకుని బయలుదేరాం. ఎప్పుడూ లేనంత తొందరగా ముల్లు లేచింది. హనుమకొండ చౌరస్తాలో ఆగామో లేదో, హోసు పగిలి ఆవిరంతా ఆయన పంచె మీదికి. కాలలేదు, బతికిపోయాం. "దేవరుప్పులల కోతలు మొదలైతున్నయ్ బిడ్డా, ఇంక నీ ఇష్టం" అని బస్సు వైపు నడిచారు.

రోడ్డు పక్కన కూర్చుని సమ్మయ్యకు ఫోన్ చేశాను. ఆయన అడిగిన మొదటి మాట, "తలుపు ఉన్నదా?"

"లేదు, తీసేసిన."

"ఎవలు తియ్యమన్నరు?"

"మామ."

చేతిలోని పనిముట్టు కింద పెట్టిన చప్పుడు వినబడింది. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. ఈ రకం ఇంజన్‌లో ఆ తలుపుకు వెనక ఇంకో చిన్న బిళ్ల ఉంటుంది. తలుపు తెరుచుకున్నప్పుడు ఆ బిళ్ల పోయి పక్కదారిని మూస్తుంది. మొత్తం పీకేస్తే పక్కదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, సగం వేడినీళ్లు రేడియేటర్ ముఖం చూడకుండానే ఇంజన్‌లోకి తిరిగిపోతాయి. "పాత ఇంజన్లకు నడిసింది. గీటికి నడ్వది. మళ్ల పెట్టు బిడ్డా" అన్నాడు.

పెట్టాను. నీ ఉత్తరం అందగానే మొప్పలు కూడా కోశాను మామా! పక్కకు ఏడు, మొత్తం పద్నాలుగు. తను చేత్తో కొట్టిన రేకు మీద గ్రైండర్ పెడుతుంటే చూడలేక హర్ష బయటికి పోయి వీధి చివరి దాకా నడిచాడు. తిరిగొచ్చి చూసి, "ముందే ఎందుకు కొయ్యలేదే?" అన్నాడు. మొప్పల దగ్గర చెయ్యి పెడితే పొయ్యి సెగలా కొడుతోంది. ఇన్నాళ్లూ ఆ సెగంతా లోపలే ఉడికింది కదా!

ఏప్రిల్ 24, మధ్యాహ్నం పన్నెండుకు ఆఖరి పరుగు. నీ మీద నాకేం కోపం లేదు. ఉన్న భయం ఒక్కటే, నువ్వు నొచ్చుకుని రాయడం మానేస్తావని.

శిరీష


భూపాలపల్లి,
ఏప్రిల్ 17

శిరీష బిడ్డకు,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపాను.

ఆ బిళ్ల సంగతి నాకు తెలుసు. 2009 నుంచి తెలుసు. అప్పుడు నేను పనిచేసే కాంట్రాక్టు కంపెనీకి కొత్త రకం డంపర్లు వచ్చాయి. పెద్ద మొనగాడిలా ఒకదాని తలుపు పీకాను. నాతో పనిచేసే సమ్మయ్య "పుస్తకం సూసి తీద్దాం" అన్నాడు, నేను వినలేదు. మూత బోల్టులు ఆయనతో బిగింపించాను. ఏ పని ఎవరు చేశారో రాసే జాబ్ కార్డు మీద సంతకం పెట్టాల్సింది నేను. నా చేతులకు గ్రీజుంది, నువ్వు పెట్టు అన్నాను. పెట్టాడు. రెండో రోజు ఆ డంపర్ గని వాలు ఎక్కుతూ మరిగి, ఇంజన్ పట్టేసింది.

విచారణలో "తలుపు ఏది?" అని అడిగారు. అది నా జేబులో ఉంది. సమ్మయ్య తను తీయలేదన్నాడు, నా పేరు మాత్రం చెప్పలేదు. నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. ఆయన ఉద్యోగం పోయింది, నాది నిలబడింది.

ఆ తర్వాత కూడా పాత రకం డంపర్లకు పీకుతూనే వచ్చాను. మానేస్తే అందరూ ఎందుకని అడుగుతారు కదా. నీకు కూడా ఆ పొగరుతోనే రాశాను. అడిగి ఉండాల్సింది, ఏ రకం ఇంజన్ బిడ్డా అని. పదహారేళ్లలో నేను నేర్చుకున్నది ఇంతే. సిగ్గుగా ఉంది.

దీంతో పాటు చిన్న పొట్లం పంపుతున్నాను. ఆ తలుపే. పొగాకు డబ్బాలో దాచాను, పారేయడానికి చెయ్యి రాలేదు. సమ్మయ్యకు ఇవ్వు. పరుగు రోజు మాత్రం పరకాలలో ఆగకు. పరుగెత్తిన ఇంజన్‌ను ఆపితే నీళ్లు నిలిచిపోయి వేడి ఒక్కసారి పైకి తంతుంది. చల్లగా పోయి, చల్లగా వచ్చేటప్పుడు ఇవ్వు. నా సంగతి పదహారేళ్లు ఆగింది, ఒక పూట ఆగలేదా?

నేను ఆ రోజు ఇక్కడ ఉండను. మీ అమ్మ దగ్గరికి తండాకు పోతున్నాను. పొట్లం విప్పాక సమ్మయ్య నన్ను వెతుక్కుంటూ వస్తే, ఆయన ముందు నిలబడే ధైర్యం నాకు లేదు.

మంగీలాల్


జనగామ,
ఏప్రిల్ 26

తండాలో దాక్కున్న మా మామకు,

ఊపిరి బిగబట్టుకుని చదువు. అమ్మను పక్కన కూర్చోబెట్టుకో.

24న పొద్దున్నుంచే గోదాం ముందు వడ్ల లారీ ఒకటి వచ్చి నిలబడింది. జగపతి గారు తలకు తువ్వాలు చుట్టుకుని పక్క సీట్లో కూర్చున్నారు. ఒళ్లో ఒక అట్ట, దాని మీద కాగితం. ప్రతి ఊరికీ ముల్లు ఎంతుందో రాసి కింద సంతకం పెడతారట. వెనక తన కారులో హర్ష. వాళ్లమ్మ మనోరమ గారు హారతిచ్చి, ఇంత లావు బంతిపూల దండ తెచ్చి సరిగ్గా బండి మూతికే కట్టారు! గాలి దారికే! దండం పెట్టి, బతిమాలి, లైటుకు మార్పించాను. అప్పుడే పోస్టుమ్యాన్ నీ పొట్లం తెచ్చాడు. అక్కడే నిలబడి నీ ఉత్తరం చదివాను. ఏం చెప్పను మామా, కళ్లద్దాలు పెట్టుకుని తాళం తిప్పాను.

నలభై రెండు డిగ్రీల ఎండ. స్టేషన్ ఘన్‌పూర్‌లో ముల్లు తొంభై. కాజీపేటలో తొంభై రెండు. హనుమకొండ చౌరస్తాలో, మొన్న పగిలిన చోటే, మూడు సిగ్నళ్లు ఆగాం. తొంభై ఆరుకు పోయి, కదలగానే దిగింది! "ఏందే, మరగది?" అన్నారు జగపతి గారు, ఏదో పోగొట్టుకున్నట్టు. తర్వాత లారీలు. ఒకదాని వెనక ఒకటి, నడిచేవాడు దాటిపోయేంత నిదానం. తొంభై ఏడు, తొంభై ఎనిమిది. మొప్పల్లోంచి వేడి కెరటాలు కెరటాలుగా కనబడుతూనే ఉంది. ఎర్రగీత నూట పది దగ్గర.

పరకాలలో ఆగొద్దనే అనుకున్నాను. నీ మీద ఒట్టు. కానీ సమ్మయ్య రోడ్డు మధ్యలో నిలబడి ఉన్నాడు మామా, ఎర్ర గుడ్డ ఊపుతూ, ఆ ఎండలో చెప్పులు కూడా లేకుండా. బండి చూడాలని పొద్దుటి నుంచి కాచుకున్నాడట. నా ఒళ్లో నీ పొట్లం. ఇంజన్ మోగుతుంటే అరిచి చెప్పాల్సిందే, అది అరిచి చెప్పే మాట కాదు. ఆపేశాను.

"నువ్వే ఆపినవ్ బిడ్డా, నేను ఆపమనలే" అన్నారు జగపతి గారు.

తాళం సగం తిప్పి ఫ్యాను తిరుగుతూ ఉంచాను. పొట్లం ఇచ్చి, "మామ పంపిండు. జేబుల దాసిండట, తప్పంతా తనదే అని రాసిండు" అన్నాను. సమ్మయ్య విప్పాడు. అరచేతిలో పెట్టుకుని చూశాడు. నేరుగా పక్క చాయ్ హోటల్‌కు పోయి, పొయ్యి మీద మరుగుతున్న నీళ్ల గిన్నెలో దారం కట్టి ఆ తలుపును దించాడు. మీ పనివాళ్లకు పిచ్చి మామా! పదహారేళ్ల తర్వాత ఆయనకు అది పనిచేస్తుందో లేదో కావాలి!

ఇటు ముల్లు పైకి పాకుతోంది. నూట రెండు. నూట నాలుగు. అటు సమ్మయ్య గిన్నె ముందు గొంతుకూర్చున్నాడు. నేను ఇటు చూడనా, అటు చూడనా? నూట ఆరు. హర్ష కారు దిగి గోళ్లు కొరుకుతున్నాడు. నూట ఎనిమిది. వడ్ల లారీ కళ్లముందు కనబడింది.

"తెరుసుకున్నది!" అని సమ్మయ్య కేక.

ముల్లు నూట ఎనిమిది మీదే నిలబడింది. వణికింది. నూట ఏడు. నూట అయిదు. మొప్పల మీద గాలి సెగకు రోడ్డు అవతలి దుకాణాలన్నీ ఊగుతూ కనిపించాయి. ఆగిన బండి, ఆ ఎండలో, దానంతటదే చల్లారుతోంది మామా! నేను రోడ్డు మీద గంతులు వేశాను, చాయ్ హోటల్ వాళ్లందరూ చూశారు.

సమ్మయ్య తలుపును గుడ్డతో తుడుచుకుంటూ వచ్చాడు. "గిది మంచిగనే ఉన్నది. అప్పుడు గూడ మంచిగనే ఉండె" అన్నాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. అంతా విన్న జగపతి గారు సీట్లోంచి దిగారు. "నా కండ్లు మండుతున్నయ్. ఇంక ముల్లు నువ్వు సూడు" అని అట్ట ఆయన చేతికిచ్చారు. సమ్మయ్య వెనక్కి జరిగాడు. "నేను సంతకాలు పెట్టుడు బంద్ చేసిన దొరా."

"నీ కండ్లతోని సూసింది రాయి. ఊకె పెట్టమంటలేను" అన్నారాయన.

జగపతి గారు వెనక హర్ష కారెక్కారు, సమ్మయ్య నా పక్కన కూర్చున్నాడు. రేగొండలో తొంభై అయిదు. రాశాడు, సంతకం పెట్టలేదు. భూపాలపల్లిలో తొంభై నాలుగు. నీ ఇంటి ముందు బండి ఆపాక, తాళం వేసిన నీ తలుపు చూసి, నీ గడప మీదే కూర్చుని, అట్ట మోకాలి మీద పెట్టుకుని, పూర్తి పేరుతో, ఊరి పేరుతో సహా సంతకం పెట్టాడు.

గోదాం మాది మామా! "వడ్లు మార్కెట్ యార్డుకు పోతయ్ తీ" అన్నారు జగపతి గారు. వచ్చేటప్పుడు హర్ష కారెక్కమంటే ఎక్కలేదు, మిర్చి సీటే కావాలని కూర్చున్నారు. పలక మీద నా పేరు చెక్కడానికి ఇచ్చాం. నాకు రెండు రోజులుగా నిద్ర లేదు, ఆకలి లేదు, ఊరికే నవ్వొస్తోంది.

పరకాలలో హర్ష కారులోంచి సమ్మయ్యను దింపేటప్పుడు, మామకు ఏమైనా రాసి ఇస్తావా అని అడిగాను. "నేను మాట్లాడేది ఉత్తరంల పట్టది. రమ్మను" అన్నాడు.

పో మామా. నీ కాళ్లు పట్టుకుంటాను, పో.

శిరీష


పరకాల,
మే 6

బిడ్డా,

పై ఊరి పేరు చూశావు కదా. పోయాను.

బస్సు దిగాక రెండుసార్లు ఆ వీధి దాటిపోయి, తిరిగొచ్చాను. సమ్మయ్య దుకాణం ముందు రేడియేటర్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి, ఆ తలుపు మేకుకు వేలాడుతోంది. నన్ను చూసి లేచాడు. తప్పు నాది అన్నాను, గొంతు ఎంత పైకి వచ్చిందో నాకు తెలియదు, వీధిలో వాళ్లంతా తిరిగి చూశారు.

అప్పుడు ఆయన మొదలుపెట్టాడు. గంటకు పైగా మాట్లాడాడు. చేతులు ఊపాడు, స్పానర్ నేలకేసి కొట్టాడు, వేళ్ల మీద ఏవో ఏళ్లు లెక్కపెట్టాడు, ఒకసారి తువ్వాలులో ముఖం దాచుకున్నాడు. నేను కదలకుండా నిలబడ్డాను. ఆ తిట్లు వినడానికే పోయాను బిడ్డా, ఒక్కటి కూడా వదలకుండా వినాలనుకున్నాను. వినబడితేనా! పెదవులు చదువుదామంటే ఆయనకు అంత మీసం.

ఆయన అలసిపోయి కూర్చున్నాక, నా జేబులోంచి కాగితం, పెన్నూ తీసి ఇచ్చాను. "సమ్మయ్యా, ఒక్క ముక్క వినబడలే. అన్ని రాసియ్యి, సదువుకుంట" అన్నాను.

కాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు. పెన్ను మూత తీశాడు. చాలాసేపు నా ముఖం చూశాడు, వేలాడుతున్న తలుపును చూశాడు. తర్వాత ఒక్క ముక్క రాసి నా చేతిలో పెట్టాడు.

"చాయ్ తాగుతవా?"

ఆ కాగితం పొగాకు డబ్బాలో పెట్టుకున్నాను. అది ఖాళీగానే ఉంది కదా.

మీ మామ,
మంగీలాల్